సంతకాలు లెక్కపెట్టిన కథ: చికాగో యూనివర్సిటీ పక్కన ఒక మూడు పోర్షన్ల ఇల్లు

యూనివర్సిటీ దగ్గర ఒక పాత చిన్న అపార్టుమెంటు కొని పెట్టుకుంటే అంతకన్నా నమ్మకమైన పెట్టుబడి లేదని మధ్యతరగతి ఇళ్ళల్లో చెప్పుకుంటారు. ఏటేటా కొత్త పిల్లలు వస్తారు, పోర్షన్ ఖాళీగా ఉండదు, అద్దె కిందికి దిగదు, నేల ధర ఎటూ పెరిగేదే. ఈ లెక్కలో అబద్ధమేమీ లేదు. కాని ఒక పద్దు రాయకుండా వదిలేస్తారు. ఆ పోర్షన్ ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అనే పద్దు. గది కోసం వీధి వీధి తిరిగిన మాలాంటి వాళ్ళకు అదే మొదటి పద్దు. "మీరేమిట్లు?" అని సూటిగా అడిగే ఓనర్లు కొందరు, "ఏం తింటారు?" అని చుట్టు తిప్పి అడిగేవాళ్ళు కొందరు. ఇంటిపేరూ ఊరిపేరూ విన్నాక "నిన్ననే ఇచ్చేశామండీ" అనేవాళ్ళే ఎక్కువ. వారం తర్వాత అటు వెళితే ఆ గేటుకి టు-లెట్ బోర్డు అట్లాగే వేలాడుతుంటుంది.

ఇది ఓనరు మనసులో ఉండే దురభిప్రాయమనీ, చదువులు పెరిగితే పోతుందనీ మన అభ్యుదయ మేధావులు చెబుతూ వచ్చారు. మేము దీన్ని ఒప్పుకోవటం లేదు. ఎవరిని రానివ్వకూడదో నిర్ణయించటంలోనే ఇంటి ధర కొంత పుడుతుందని మా వాదన. అట్లా పుట్టిన ధరను కాపాడుకోవటానికి చదువుకున్నవాళ్ళే, చదువుల సంస్థలే ముందుకొస్తాయి. మన దగ్గర దీన్ని కాగితం మీద చూపించటం కష్టం. కాగితం మీద దొరికే చోటు ఒకటుంది, అది చికాగో.

మనకు రెండు చికాగోలు తెలుసు. ఒకటి 1886 మేడే చికాగో, రెండోది 1893లో వివేకానందుడు మాట్లాడిన చికాగో. మొదటిది కమ్యూనిస్టులు చెప్పారు, రెండోది పాఠ్యపుస్తకాలు చెప్పాయి. మూడోది చెప్పినవాళ్ళు తక్కువ. వివేకానందుడు వెళ్ళిన ఏడాదే అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ ప్రదర్శన మైదానాన్ని ఆనుకునే చికాగో విశ్వవిద్యాలయం ఉంది. రాక్‌ఫెల్లర్ డబ్బుతో 1890లో స్థాపించి 1892లో తలుపులు తెరిచారు. దాని చుట్టూ హైడ్ పార్క్, దక్షిణాన వుడ్‌లాన్ పేటలు. రెండు మూడు అంతస్తుల ఇటుక ఇళ్ళు, అంతస్తుకొక కుటుంబం. ఓనరు ఒక దాంట్లో ఉండి మిగతావి అద్దెకు ఇచ్చుకునే పద్ధతి మన పోర్షన్ల పద్ధతే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంనుంచి దక్షిణాది పత్తి చేలు వదిలి నల్లజాతి జనం చికాగోకి రైళ్ళెక్కారు. 1910లో అక్కడ వాళ్ళు 44 వేలు. 1930 నాటికి 2 లక్షల 33 వేలు దాటారు. ఇంత జనానికీ ఉండటానికి ఇచ్చిన చోటు మాత్రం ఊరి దక్షిణాన ఒక సన్నటి పట్టీ. దాటి వచ్చిన వాళ్ళ ఇళ్ళమీద బాంబులు పడ్డాయి. 1917 జులై నుంచి 1921 మార్చి దాకా 58 బాంబు దాడులు జరిగాయని ప్రభుత్వం వేసిన కమిషనే లెక్క చెప్పింది. 1919 అల్లర్లలో 38 మంది చనిపోయారు, అందులో 23 మంది నల్లవాళ్ళు.

బాంబుతో ఒక చిక్కుంది, అది పెద్దమనుషుల పని కాదు. పెద్దమనుషుల పని దస్తావేజు. నల్లవాళ్ళు ఫలానా వీధిలో ఉండకూడదని మునిసిపాలిటీలు చట్టం చేయటం చెల్లదని 1917లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. సరే, ప్రభుత్వం చేయకూడదు గదా, మేమే చేసుకుంటాం అన్నారు ఇళ్ళ ఓనర్లు. ఒక పేటలో ఓనర్లంతా కలిసి ఒప్పందం రాసుకుంటారు, రిజిస్ట్రీ చేయిస్తారు. ఆ ఇంటిని నల్లవాళ్ళకు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఉండనివ్వకూడదు. రేపు ఇల్లు కొన్నవాడికీ అదే కట్టుబాటు. 1927లో చికాగో రియల్ ఎస్టేట్ బోర్డు దీనికొక నమూనా పత్రమే తయారుచేసి పేటపేటకీ పంచింది. నల్లవాడంటే ఎవరో కూడా అందులో ఉంది. ఎనిమిదో వంతు నల్ల రక్తం ఉంటే చాలు. మినహాయింపు కూడా ఉంది. వాచ్‌మన్ పని చేసేవాళ్ళు, డ్రైవర్లు, ఇంటి నౌకర్లు అయితే ఉండొచ్చు. ఈ మినహాయింపు చదివినప్పుడు మాకు వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. పాకీ పనికి పెరట్లోంచి రానిచ్చి ముందు గుమ్మం తొక్కనివ్వని ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎన్ని చూశాం!

ఈ ఒప్పందాలు వేయించే ఓనర్ల సంఘాలకు విశ్వవిద్యాలయం డబ్బిచ్చింది. పట్టణ సమాజ శాస్త్రానికి పుట్టిల్లు అని ప్రపంచమంతా పేరున్న విశ్వవిద్యాలయం ఇదే. మురికివాడల మీదా, వలసల మీదా మన యూనివర్సిటీల్లో ఇప్పటికీ వల్లె వేయించే సిద్ధాంతాలు కొన్ని అక్కడివే. 1933 నుంచి 1947 దాకా చుట్టుపక్కల పేటల వ్యవహారాల మీద ఆ సంస్థ 80 వేల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. అందులో పెద్ద భాగం ఈ ఒప్పందాలను కోర్టుల్లో నిలబెట్టటానికి పోయింది. ఒక భవనంలో మురికివాడ ఎందుకు పుడుతుందని పరిశోధన, ఇంకో భవనంలో మురికివాడ పుట్టించటానికి చెక్కు మీద సంతకం.

ఇక డబ్బు లెక్క చూద్దాం. బయటికి పోవటానికి దారి లేనప్పుడు లోపలున్న ఇళ్ళకు గిరాకీ పెరుగుతుంది. పాత అపార్టుమెంటు కొన్నవాడు ఏం చేస్తాడు? ఏడు గదుల ఇంటికి మధ్యలో చెక్క గోడలు పెట్టి, గదికొక చిన్న పొయ్యీ ఒక సింకూ పెట్టి ఏడు కుటుంబాలకు ఇస్తాడు. దీనికి 'కిచెనెట్' అని పేరు. రచయిత రిచర్డ్ రైట్ 1941లో వచ్చిన పుస్తకంలో దీని లెక్క వేసి చూపాడు. తెల్లవాళ్ళ దగ్గర నెలకు 50 డాలర్లు వచ్చే ఇంటిని ఏడు ముక్కలు చేసి ముక్క వారానికి 6 డాలర్ల చొప్పున ఇస్తే వారానికే 42 డాలర్లు. నెలకు నాలుగు వారాలే వేసుకున్నా 168. అంటే మూడింతలు పైచిలుకు. 30 మందికి ఒకే దొడ్డి ఉన్న ఇళ్ళ గురించి కూడా రైట్ రాశాడు. ఇల్లు ఎంత పాతదైతే కొన్నవాడికి అంత లాభం, ఎందుకంటే రిపేరు చేయకపోయినా ఖాళీ చేసి పోయేవాడుండడు. 1934లో వచ్చిన ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ లోన్లకు పూచీ ఇవ్వటం మొదలుపెట్టింది గాని, అలాంటి ఒప్పందాలుంటే మంచిదని దాని 1938 మాన్యువల్లోనే రాసింది. నల్లవాళ్ళ పేటలకు బ్యాంకు లోను లేదు. కొందామంటే అప్పు లేదు, ఉందామంటే మూడింతల అద్దె.

ఈ చోటే కార్ల్ హాన్స్‌బెర్రీ అనే మనిషి వస్తాడు. మిసిసిపీనుంచి వచ్చిన నల్లజాతి వ్యాపారి. ఆయన వ్యాపారం ఏమిటి? పాత అపార్టుమెంట్లు తీసుకుని కిచెనెట్లుగా మార్చి అద్దెకివ్వటం. 'కిచెనెట్ కింగ్' అని పేరు తెచ్చుకున్నాడు. 1937లో ఆయన విశ్వవిద్యాలయానికి మైలు దూరంలోపే, 6140 సౌత్ రోడ్స్ ఎవెన్యూలో మూడు పోర్షన్ల ఇటుక ఇల్లు కొన్నాడు. ఆ పేట మీద 1928 నాటి ఒప్పందం ఉంది. అందుకని మధ్యలో ఒక తెల్లవాణ్ణి పెట్టి కొన్నాడు. ఓనర్ల సంఘంలో పెద్దగా ఉండి తగాదా పడి బయటికొచ్చిన మనిషి ఒకడు సాయం చేశాడు. నల్లవాళ్ళు నడుపుకునే సుప్రీం లిబర్టీ ఇన్సూరెన్స్ కంపెనీ తనఖా మీద అప్పిచ్చింది. కుటుంబం దిగగానే గుంపులు వచ్చాయి, ఇటుకలు వేశారు. తల్లి రాత్రుళ్ళు తుపాకీ పట్టుకుని పిల్లలకు కాపలా కూచుందని కూతురు లొరేన్ తర్వాత రాసింది. 1959లో బ్రాడ్‌వే మీద 'ఎ రైజిన్ ఇన్ ద సన్' నాటకం వేయించిన లొరేన్ హాన్స్‌బెర్రీ ఈమే.

ఓనర్లు కేసు వేశారు. ఇక్కడ అసలు సంగతి జాగ్రత్తగా చూడాలి. ఆ ఒప్పందం చెల్లాలంటే పేటలో వీధి ముఖం కొలతలో 95 శాతానికి ఓనర్లు సంతకం చేసి ఉండాలని దాంట్లోనే రాసుంది. అంతకుముందు 1934లో ముగిసిన ఇంకో కేసులో 95 శాతం ఉన్నాయని రెండు పక్షాలూ ఒప్పేసుకున్నాయి, ఎవరూ లెక్కపెట్టలేదు. హాన్స్‌బెర్రీ లాయర్లు లెక్కపెట్టారు. 54 శాతం దగ్గరే ఆగింది! అయినా ఇల్లినాయ్ కోర్టులు, పాత కేసులో ఒకసారి తేలిపోయింది గనక మళ్ళీ తిరగదోడకూడదని ఇల్లు ఖాళీ చేయమన్నాయి. చివరికి 1940 నవంబర్ 12న సుప్రీంకోర్టు, ఆ పాత కేసులో లేనివాళ్ళను ఆ తీర్పుతో కట్టిపడేయటం న్యాయం కాదని కొట్టేసింది. ఒప్పందాలు తప్పని మాత్రం అనలేదు. వాదించిన లాయర్లలో ఎర్ల్ డికర్సన్ ఒకరు. 1920లో అదే చికాగో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పట్టా పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆయన. ఆ సంస్థ చదువు చెప్పిన మనిషే అది డబ్బిచ్చి నిలబెట్టిన కాగితాన్ని చించాడు.

హాన్స్‌బెర్రీని ఎట్లా చూడాలి? వీరుడని ఒక మాటతో తేల్చటం మాకు ఇష్టం లేదు, దోపిడీదారని తోసేయటమూ కుదరదు. ఏ కంచెను కోర్టులో పగలగొట్టాడో ఆ కంచె వల్లే ఆయనకు కిచెనెట్లలో లాభం వచ్చింది. ఆ లాభమే లేకపోతే మూడేళ్ళు కేసు నడిపే స్తోమతా ఉండేది కాదు. ఇది మనకు పరాయి సంగతి కాదు. రిజర్వేషన్ ఉద్యోగాలతో నిలదొక్కుకున్న మనవాళ్ళు కొందరు ఇప్పుడు ఇళ్ళు కొంటున్నారు, కొనాలి కూడా. కాని ఫలానావాళ్ళ ఇల్లని తెలిస్తే సవర్ణులు అద్దెకు రారు. వచ్చేది మన పిల్లలే. వాళ్ళకు వేరే చోట దొరకదని తెలిసిన మనవాడు ఎంత అద్దె చెబుతాడు? ఈ ప్రశ్న మన సభల్లో ఎవరూ వేయటం లేదు. భూమి గురించి మాట్లాడినంత గట్టిగా పట్నంలో ఇంటి గురించి మనం మాట్లాడలేదు.

హాన్స్‌బెర్రీ 1946లో మెక్సికోలో చనిపోయాడు, అమెరికా వదిలి కుటుంబాన్ని అక్కడికే మార్చాలనుకున్నాడు. ఇలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. అప్పుడు విశ్వవిద్యాలయం పనిముట్టు మార్చింది. 1952లో ఆగ్నేయ చికాగో కమిషన్ అనే సంస్థను నిలబెట్టి, 1955 నుంచి పాత ఇళ్ళు పడగొట్టించింది. 1958లో నగర కౌన్సిల్ పునర్నిర్మాణ పథకం ఆమోదించింది. 'పాడుబడ్డ ఇల్లు' అన్న మాట వచ్చాక ఇక 'నల్లవాడు' అన్న మాట అవసరం లేదు. తీసేసిన ఇళ్ళల్లో ఎక్కువ భాగం పేద నల్లవాళ్ళవి. 1960 నాటికి వుడ్‌లాన్‌లో పదిమందిలో తొమ్మండుగురు నల్లవాళ్ళే. వాళ్ళు సంఘం కట్టి నిలబడ్డాకే 1963లో విశ్వవిద్యాలయం 61వ వీధి దాటి రానని ఒప్పుకుంది.

ఈ మధ్యలో విశ్వవిద్యాలయం తానే ఓనరయింది. చుట్టుపక్కల అపార్టుమెంట్లు కొని అద్దెకిచ్చేది. 'కోర్' సంఘం విద్యార్థులు ఒక చిన్న పని చేశారు. నల్లజాతి విద్యార్థి ముందు వెళ్ళి గది అడుగుతాడు, ఖాళీ లేదంటారు. కాసేపటికి తెల్ల విద్యార్థి అదే గది అడుగుతాడు, ఉందంటారు. ఇద్దరూ రాసుకుంటారు. ఆ రాతలు పట్టుకుని 1962 జనవరిలో అధ్యక్షుడి ఆఫీసు ముందు బైఠాయించారు. దాదాపు రెండు వారాలు కూచున్నారు. తర్వాత సెనేటరైన బెర్నీ శాండర్స్ ఆ బైఠాయింపు నాయకుల్లో ఒకడు. వివక్ష ఉందని విశ్వవిద్యాలయం ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన దగ్గరికొస్తే సంగతి తలకిందులు. కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్ 1917లో బరోడాలో తల దాచుకోవటానికి పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. తెలిసిపోయి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆ సత్రం ముందు ఏ ఒప్పంద పత్రమూ లేదు. మన ఓనర్లు ఎవరూ రాసుకోరు, అందుకే లెక్కపెట్టడానికి సంతకాలుండవు. చట్టం లేదా అంటే ఉంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షనులో, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, కాపురం ఉండకుండా అడ్డుకోవటం నేరమని రాసుంది. ఎంతమంది లాయర్లకు ఇది గుర్తుంది? రాసుకున్న చోట కోర్టు ఏం చేసిందో కూడా చూడాలి. అహ్మదాబాద్‌లో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ తమవాళ్ళకే సభ్యత్వమని పెట్టుకున్న నిబంధన చెల్లుతుందని 2005లో మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పార్సీలు చిన్న మైనారిటీ, వాళ్ళ భయం వేరు అనే వాదన మాకు తెలుసు. కాని ఆ తీర్పు నీడలో రేపు ఏ కులం వాళ్ళయినా సొసైటీ కట్టుకోవచ్చు.

"నిన్ననే ఇచ్చేశాం" అన్న మాటను కోర్టులో ఎట్లా రుజువు చేయాలి? 2015లో సుఖదేవ్ థోరట్, తోటి పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల దళిత, ముస్లిం, అగ్రకుల పేర్లతో అద్దె ఇళ్ళు అడిగించి ఆ తేడాను బయటపెట్టారు. దాదాపు ఆ చికాగో విద్యార్థుల పద్ధతే. మన యూనివర్సిటీల చుట్టూ ఈ పనికి గ్రాంటు అక్కర్లేదు. ఇద్దరు విద్యార్థులు కావాలి, ఒక నోటుబుక్కు కావాలి. తేదీ, ఇంటి నంబరు, టు-లెట్ బోర్డు మీద ఉన్న మాటలు, అడిగిన ప్రశ్న, చెప్పిన అద్దె, ఇచ్చిన జవాబు రాసుకోవాలి. రెండో మనిషి వెళ్ళినప్పుడు అవే ఆరు గడులు మళ్ళీ నింపుకోవాలి.