చీనాపట్టు – నల్లగొండ మగ్గము

చీనా దేశపు సరకు మన యంగడికి వచ్చుట నిన్న మొన్నటి మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున చీనభూమియందు పుట్టిన పట్టు పేర్కొనబడినది. కాళిదాసు శాకుంతలమున, ముందునకు సాగు దేహమును వీడి వెనుకకు పరుగిడు మనస్సునకు, ఎదురుగాలిలో ఆడు ధ్వజముయొక్క చీనాంశుకమును ఉపమానముగా జెప్పెను. మన తెలుగునాట కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వరాజులు ఓడ పగిలి తీరమునకు జేరిన సొత్తును హరించుచుండగా, ఆయన న్యాయమగు సుంకము మాత్రము గైకొని తక్కినదెల్ల వర్తకులకే విడిచిపెట్టెను. సుంకము ముప్పదింట నొక వంతు. ఆ శాసనపు పట్టికలో చీనా కర్పూరమును, పట్టునూలును గలవు.

ఆ కాకతీయ రాజ్యములోనిదే నల్లగొండ సీమ. ఇచ్చటి నేతగాండ్రు మొదట నూలుబట్ట నేయువారు. పుట్టపాక మొదలగు గ్రామములలో నేయబడిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశములదాక బోయినవి. 20వ శతాబ్ది ద్వితీయార్ధమున పోచంపల్లి మగ్గములపై పట్టుచీర ప్రధానమైనది. మహబూబునగరపు సీమలో గద్వాల చీరకు నూలు ఒడలును పట్టు అంచును కుదిరినవి. నారాయణపేటయు పట్టునకు పేరొందినది. అయితే పట్టుపురుగును పెంచువాడొకడు, నేయువాడు వేరొకడు. నేతగాని యింట దారము పుట్టదు, కొనవలసినదే. ఆ కొనుటయందే చీనా ప్రశ్న పుట్టినది.

చీనాదారమును మన నేతవారేల కోరుదురు? ఏటికి రెండు కాపుల జాతి పురుగు అల్లిన గూటినుండి వేయి మీటర్లకు మించిన పోగు తెగక వచ్చును. దానిని యంత్రములపై సమముగా దీయుదురు. మన దేశమున చిరకాలము పెంచబడిన బహుకాపుల సంకర జాతుల గూళ్లనుండి వచ్చు పోగు పొట్టి. అందు ముళ్లును హెచ్చుతగ్గులును మెండు. పేకకు అది చాలును గాని, మగ్గముపై బిగించి లాగు పడుగునకు గట్టి దారము వలయును. చిటికి కట్టి రంగులద్దు పోచంపల్లి పనిలో పోగు తెగినచో నమూనాయే చెదరును. కావున ఈ కోరిక పరదేశ వ్యామోహము గాదు, వృత్తిధర్మమునుండి పుట్టిన అవసరము.

ఇక సుంకముల చరిత్రము జూతము. బ్రిటిషు ఇండియాలో 1934లోనే పట్టునకు రక్షణ సుంకము విధింపబడెను. 1949లో కేంద్ర పట్టు బోర్డు ఏర్పడెను. 2001 ఏప్రిలున దిగుమతులపై పరిమాణ నిర్బంధములు తొలగెను. ఆ డిసెంబరుననే చీనా ప్రపంచ వాణిజ్య సంస్థలో జేరెను. 2003లో చీనా ముడిపట్టుపై, సరకును అన్యాయపు వెలకు గుమ్మరించుటను అరికట్టు ప్రత్యేక సుంకము పడెను. ముడిపట్టుపై సామాన్య సుంకమును 2011లో నూటికి 30నుండి 5కు దించిరి, 2013లో 15కు పెంచిరి, తరువాత 10కి తగ్గించి 2021లో మరల 15 చేసిరి.

ఈ యెక్కుదిగుళ్లలో ఇద్దరు బీదవారు ఎదురెదురుగా నిలిచియున్నారు. సుంకము తగ్గిన యెడల మల్బరీ తోట వేసిన రైతు గూళ్లకు ధర పడిపోవును. పెరిగిన యెడల మగ్గమున గూర్చున్న నేతగానికి దారము ప్రియమగును. చీరవెల వెంటనే పెరుగదు గనుక ఆ భారము అతని కూలిలోనుండియే దీయబడును. దారమును అప్పుగా నిచ్చి చీరను తానే కొను సావుకారునకు మాత్రము రెండు విధములను నష్టము స్వల్పము. స్వదేశీ యను నొక్క మాటతో ఈ చిక్కును విప్పజాలము. ఒకని రక్షించుటకై వేరొకని కంచములోనిది దీయుట సంస్కారము గాదు.

మరి దారి యెయ్యది? నల్లగొండ జిల్లాయే యొక దారిని జూపినది. చిటికి కట్టుటకు ముందు దారమును అర్ధచంద్రాకారమున నిలిపిన మేకులచుట్టు త్రిప్పుటను ఆసు పోయుట యందురు. ఒక్క చీరకై చేయి వేలకొలది మారులు అటునిటు ఆడవలెను. తరతరములుగా ఈ పని స్త్రీలదే; వారి భుజముల నొప్పి చీర వెలలో ఎన్నడును లెక్కకు రాలేదు. ఆలేరు సమీపమునగల శారాజీపేట నివాసి చింతకింది మల్లేశము, బడిచదువు పూర్తిగా సాగకున్నను, తల్లి కష్టమును జూచి, ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును సాధించి దానికి తల్లి పేరే, లక్ష్మి యని, పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఈ యంత్రమును ఏ దేశమును మనకు అమ్మజాలకుండెను. ఏలయన ఆ బాధ ఇతరులెరిగినది గాదు.

అట్లని సమస్తమును మనమే కల్పింపవలెనని మా వాదము గాదు. పట్టుదారమును తానే తీయు యంత్రములను చీనానుండి తెప్పించి మన దేశమున నిలిపినారు. అది మంచి పనియే. దారము నిత్యము కొనుటకంటె దారము దీయు యంత్రమును ఒకమారు కొనుట మేలు. యంత్రమును కొనుటకంటె దాని మర్మమును నేర్చి మన పిల్లలచే చేయించుట మరింత మేలు. తెచ్చుకొన్న వస్తువు వెంట విద్యయు రానిచో, ఆ బేరమున మనకు మిగులునది అప్పే.

గృహస్థులకు నొక మాట. పోచంపల్లి చీరయని యంత్రముపై అచ్చువేసిన బట్టను చవుకగా అమ్ముచున్నారు. పడుగు చీనాదైనను చిటికి కట్టిన చేయి మనదగు చీర యొకటి, పేరుదక్క మనదేమియు లేనిది మరియొకటి. నిజమగు నేతలో రంగు పోగునందే యుండుటచే రెండు ప్రక్కలను నమూనా తోచును, దాని యంచులు ఇంచుక చెదరియుండును. వెల యడుగుటకు ముందు బట్టను త్రిప్పి చూడుడు. నేతగాని కూలి ఆ వెనుక ప్రక్కననే వ్రాయబడి యున్నది.