మైక్ ఎలా పనిచేస్తుంది? సభలో ‘కుయ్’మని ఎందుకు కూస్తుంది? మీ జేబులో ఉన్న మైక్ ఏం వింటోంది?

‘హలో.. మైక్ టెస్టింగ్.. వన్, టూ, త్రీ..’

పెళ్లి పందిరి నుంచి ఎన్నికల సభ దాకా చాలా కార్యక్రమాలు ఈ మాటలతోనే మొదలవుతాయి. ఆ వెంటనే ఎవరో ఒకరు మైక్‌ను వేలితో తట్టి, ‘ఉఫ్’ అని ఊది చూస్తారు.

ఒకప్పుడు చివరి వరుసలో కూర్చున్నవారికి వినిపించాలంటే హరిదాసుకైనా, పద్యనాటకం ఆడే నటుడికైనా సొంత గొంతే ఆధారం. ఇప్పుడు మామూలు స్మార్ట్‌ఫోన్‌లోనే రెండు, మూడు మైక్‌లు ఉంటున్నాయి.

ఇంతగా అలవాటైన ఈ పరికరం ఎలా పనిచేస్తుంది? ఇందులో ఎన్ని రకాలున్నాయి? దేనిని ఎక్కడ వాడతారు?

మైక్ శబ్దాన్ని పెంచుతుందా?

పెంచదు. ‘మైక్ సౌండ్ తగ్గించండి’ అని మనం అంటుంటాం కానీ, అక్కడ మోగేది లౌడ్‌స్పీకర్. మైక్ చేసే పని శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చడం మాత్రమే.

మనం మాట్లాడినప్పుడు గాలిలో ఒత్తిడి సెకనుకు వందలు, వేల సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఇలాంటి కంపనాలను గుర్తించగలదు. చెవిలో కర్ణభేరి ఉన్నట్లే, మైక్‌లో డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఉంటుంది. గాలి ఒత్తిడికి అది కదులుతుంది. ఆ కదలికే విద్యుత్ సంకేతంగా మారుతుంది.

ఈ సంకేతం చాలా బలహీనం, సాధారణంగా మిల్లీవోల్టులలోనే ఉంటుంది. దానిని యాంప్లిఫైయర్ బలపరిస్తే స్పీకర్ తిరిగి శబ్దంగా మారుస్తుంది. కదలికను విద్యుత్తుగా మార్చే పద్ధతిని బట్టే మైక్‌ల రకాలు ఏర్పడ్డాయి.

మైక్‌లలో ఎన్ని రకాలు?

కార్బన్ మైక్: 1870ల చివర్లో డేవిడ్ హ్యూస్, థామస్ ఎడిసన్, ఎమిల్ బెర్లినర్ దాదాపు ఒకే కాలంలో దీనిపై పనిచేశారు. డయాఫ్రమ్ వెనుక కార్బన్ రేణువులు ఉంటాయి. శబ్దానికి అవి దగ్గరగా నొక్కుకున్నప్పుడు కరెంటు ఎక్కువగా, వదులైనప్పుడు తక్కువగా ప్రవహిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లలో ఉన్నది ఇదే. రేణువులు గడ్డకట్టి మాట సరిగా వినిపించకపోతే రిసీవర్‌ను తట్టి మళ్లీ మాట్లాడేవారు.

డైనమిక్ మైక్: ఇది సైకిల్ డైనమో సూత్రమే. డయాఫ్రమ్‌కు అతికించిన రాగి తీగ చుట్ట అయస్కాంతం మధ్య కదిలితే కరెంటు పుడుతుంది. ధర తక్కువ, గట్టిదనం ఎక్కువ. సభల్లో, సంగీత వేదికలపై చేతితో పట్టుకునేవి ఎక్కువగా ఇవే. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా వాడకంలో ఉంది. స్పీకర్ కూడా ఇదే సూత్రంతో, కాకపోతే తిరగేసి పనిచేస్తుంది.

రిబ్బన్ మైక్: అయస్కాంతం మధ్య అతి పల్చటి లోహపు రేకు ఉంటుంది. 1930లలో అమెరికా రేడియో స్టూడియోలలో బాగా వాడారు. గొంతు మృదువుగా వినిపిస్తుంది కానీ, గట్టిగా ఊదితే రేకు సాగిపోవచ్చు, చిరిగిపోవచ్చు కూడా. ‘ఉఫ్’ అని ఊది చూసే అలవాటు అన్ని మైక్‌లకూ మంచిది కాదనేది అందుకే.

కండెన్సర్ మైక్: 1916లో ఇ.సి. వెంటే దీనిని రూపొందించారు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు పలకల్లో ఒకటి డయాఫ్రమ్. వాటి మధ్య దూరం మారినప్పుడల్లా కెపాసిటెన్స్ మారి సంకేతం వస్తుంది. సన్నని శబ్దాన్నీ పట్టుకుంటుంది కాబట్టి రికార్డింగ్ స్టూడియోలలో దీనికే పెద్దపీట. దీనికి బయటి నుంచి కరెంటు కావాలి. సాధారణంగా మిక్సర్ నుంచి కేబుల్ ద్వారానే 48 వోల్టులు ఇస్తారు.

ఎలక్ట్రెట్ మైక్: 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ చేసిన ఆవిష్కరణ ఇది. విద్యుదావేశాన్ని ఏళ్ల తరబడి నిలుపుకొనే పల్చటి ప్లాస్టిక్ పొర దీని ప్రత్యేకత. దీంతో కండెన్సర్ మైక్ చిన్నదైంది, చవకైంది. టీవీ యాంకర్ల దుస్తులకు పెట్టే కాలర్ మైక్‌లు, వినికిడి యంత్రాలు దీనివల్లే సులువయ్యాయి.

మెమ్స్ మైక్: కంప్యూటర్ చిప్‌ల మాదిరిగా సిలికాన్‌పై తయారుచేసే, కొన్ని మిల్లీమీటర్ల మైక్. స్మార్ట్‌ఫోన్లలో, వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో ఉండేది ఇదే. మనం మాట్లాడే చోట ఒకటి, కాస్త దూరంగా మరొకటి ఉంటాయి. రెండింటికీ అందిన శబ్దాలను పోల్చి ట్రాఫిక్ రొదను ఫోన్ తగ్గిస్తుంది.

ఇవి కాకుండా గాలిలోని శబ్దాన్ని కాక, వస్తువు కంపనాన్నే అందుకునే కాంటాక్ట్ మైక్‌లు కూడా ఉన్నాయి. వీణ, వయొలిన్ కచేరీలలో వాయిద్యానికి అతికించేవి ఇలాంటివే.

కంచు కంఠం రహస్యం

మైక్ ఏ దిక్కు నుంచి వింటుందన్నది కూడా ముఖ్యమే. ఓమ్ని మైక్ అన్ని వైపుల నుంచీ వింటుంది. హృదయాకారంలో శబ్దాన్ని అందుకునే కార్డియాయిడ్ మైక్ ముందువైపు ఎక్కువగా, వెనుకవైపు చాలా తక్కువగా వింటుంది. పొడవైన షాట్‌గన్ మైక్‌ను సినిమా షూటింగ్‌లలో నటులకు కాస్త దూరం నుంచి గురిపెడతారు.

కార్డియాయిడ్ మైక్‌కు నోటిని బాగా దగ్గరగా పెడితే మంద్రస్థాయి బలపడుతుంది. రేడియో, ప్రకటనల్లో వినిపించే కొన్ని ‘కంచు కంఠాల’ వెనుక దీని పాత్ర కూడా ఉంది.

మైక్ ఎందుకు కూస్తుంది?

స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్తుంది. యాంప్లిఫైయర్ దానిని ఇంకా పెంచి స్పీకర్‌కు పంపుతుంది. ఈ చక్రం ఆగకుండా తిరిగితే చెవులు చిల్లులు పడే కూత వస్తుంది. దీనినే ఫీడ్‌బ్యాక్ అంటారు.

కూత రాగానే చాలామంది మైక్ తలను గుప్పిట్లో మూస్తారు. దీనివల్ల సమస్య పెరుగుతుంది. కార్డియాయిడ్ మైక్ వెనుక శబ్దాన్ని తగ్గించేది తల కింద ఉండే రంధ్రాలే. వాటిని మూస్తే మైక్ అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది.

స్పీకర్లు మైక్‌కు ముందు, ప్రేక్షకుల వైపు ఉండాలి. వక్త మైక్‌కు దగ్గరగా మాట్లాడాలి. దూరం సగానికి తగ్గితే మైక్‌కు అందే ధ్వని ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు యాంప్లిఫైయర్‌ను అంతగా పెంచాల్సిన పని ఉండదు.

ఎంత పెంచాలన్నదానికి చట్టపరమైన హద్దులూ ఉన్నాయి. శబ్ద కాలుష్య నిబంధనలు-2000 ప్రకారం, బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల వంటి సందర్భాల్లో అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చు. అదీ ఏడాదికి 15 రోజులకు మించకూడదు.

ఫోన్ మన మాటలు వింటోందా?

వాయిస్ అసిస్టెంట్ ఆన్‌లో ఉంటే, పిలుపు పదం కోసం ఫోన్ మైక్ ఎప్పుడూ చెవి ఒగ్గే ఉంటుంది. ఆ పదం వినిపించాకే అసలు పని మొదలవుతుంది. అయితే, వేరే మాటను పిలుపుగా పొరబడి రికార్డు చేయడమూ జరుగుతుంటుంది.

యాప్ మైక్‌ను వాడుతున్నప్పుడు ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి నారింజ రంగు చుక్క, ఆండ్రాయిడ్ 12 నుంచి ఆకుపచ్చ గుర్తు తెరపై కనిపిస్తాయి. మనం ఏమీ చేయకుండానే ఆ గుర్తు వెలిగితే, ఏ యాప్ వాడుతోందో సెట్టింగ్స్‌లో చూడాలి. టార్చ్‌లైట్ యాప్ మైక్ అనుమతి అడిగితే ఇవ్వాల్సిన అవసరం లేదు.

మైక్‌ను మాటతోనే కాదు, వెలుతురుతోనూ మోసగించవచ్చని 2019లో అమెరికా, జపాన్ పరిశోధకులు చూపించారు. స్మార్ట్ స్పీకర్‌లోని మెమ్స్ మైక్‌పై లేజర్ కాంతిని ప్రసరింపజేసి, ఎవరూ పలకని ఆదేశాలను దానికి ‘వినిపించారు’. తలుపు తాళాలను ఇలాంటి పరికరాలకు అనుసంధానించేవారు వాటిని కిటికీ పక్కన పెట్టకపోవడమే మంచిది.

1984 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ రేడియో ప్రసంగానికి ముందు మైక్ టెస్ట్ చేస్తూ, రష్యాపై అయిదు నిమిషాల్లో బాంబు దాడి మొదలవుతుందని సరదాగా అన్నారు. అది ప్రసారం కాలేదు కానీ బయటకు పొక్కి, సోవియట్ యూనియన్ ఆగ్రహానికి కారణమైంది. టెస్టింగ్‌కు ‘వన్, టూ, త్రీ’ని మించిన మాటలు లేవు.