జాయిన్ పూర్వచరిత్ర

1970 జూన్ మాసమున, శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనాలయమందు పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు డేటాను టేబుళ్లుగా అమర్చుటను ప్రతిపాదించు తన సుప్రసిద్ధ వ్యాసమును ప్రకటించునాటికి, డేటాబేస్‌లో ఒక రికార్డునుండి మఱియొక రికార్డునకు దారి కనుగొనుట ప్రోగ్రామరు భారముగానే యుండెను. ఖాతాదారుని రికార్డును పట్టుకొని, అందలి పాయింటరు వెంట మొదటి ఆర్డరునకును, అచటినుండి రెండవదానికిని పోవుటయే ఆనాటి విద్య. ఆ విద్యకు ఆచార్యుడైన చార్లెస్ బాక్‌మన్ 1973లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనుచు ఇచ్చిన ఉపన్యాసమున ప్రోగ్రామరును నావికుడనియే పిలిచెను. కాడ్ మతము తద్విరుద్ధము: ఏమి కావలయునో మనుష్యుడు చెప్పవలెను, దానిని చేరు మార్గమును యంత్రము వెదకుకొనవలెను. టేబుళ్లను కలుపు జాయిన్ ఈ మతమునకు ప్రాణము.

వినుటకు సొంపుగా నున్నను, పది టేబుళ్లను ఒకదాని వెంట నొకటిగా కలుపుటకు 36,28,800 క్రమములు కలవు. వానిలో మంచిదానిని ఎంచుట యెట్లు? ఈ చిక్కును విడదీసినవారు ఐబీఎంలోనే సిస్టమ్ ఆర్ అను డేటాబేస్‌ను నిర్మించిన బృందమువారు. 1979లో పాట్రీషియా సెలింజరును ఆమె సహచరులును ప్రకటించిన పద్ధతి ననుసరించి, టేబుళ్ల పరిమాణమును, ఇండెక్సులను, డిస్కునుండి తేవలసిన పేజీలను లెక్కించి, రెంటి కలయికలో చౌకయైనదానిని నిలుపుకొని, దానిపై మూడవదానిని చేర్చుచు, యంత్రమే తన దారిని తాను కట్టుకొనును. జాయిన్ మందగతి యను అపవాదునకు ఇంతకంటె గట్టి సమాధానము అంతకుముందు రాలేదని నా యభిప్రాయము.

అయినను వెబ్ యుగమున కథ అడ్డము తిరిగినది. హైబర్నేట్ వంటి ఉపకరణములు టేబులు వరుసలను ఆబ్జెక్టులుగా మలచి యందించి, జాయిన్‌ను ప్రోగ్రామరు కంటికి మఱుగుపఱచుటచే, నూఱు ఆర్డర్ల జాబితాకు ఒక క్వెరీయు, ప్రతి ఆర్డరునందలి ఖాతాదారుని పేరునకు ఒక్కొక్కటియు, వెరసి 101 క్వెరీలు, ఉప్పునకొకమాఱు పప్పునకొకమాఱు అంగడికి పోవువానివలె, నెట్‌వర్కుపై తిరుగుట సామాన్యమయ్యెను. ఒక్క రాకపోకకు అర మిల్లీసెకండే యనుకొన్నను, వేచియుండుటకే 50 మిల్లీసెకండ్లు చెల్లును.

అట్లని సమస్తమును ఒకే జాయిన్‌లో కూర్చుటయు వివేకము కాదు. ఒక గ్రంథమునకు 20 సమీక్షలును 30 విషయశీర్షికలును ఉన్నచో, మూడు క్వెరీలకు 51 వరుసలు వచ్చుచోట జాయిన్‌కు 600 వచ్చును. గ్రంథపరిచయము ఆ ఆఱువందల వరుసలలోను పునరుక్తమగును. రూబీ ఆన్ రైల్స్ అను వెబ్ ఉపకరణము 2008 నాటి 2.1 వెర్షన్‌లో, పెద్ద జాయిన్‌కు మాఱుగా టేబులునకొక క్వెరీ చొప్పున తెచ్చు పద్ధతిని చేపట్టెను. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 2019 వఱకు, పెద్ద టేబుళ్లను వేగముగా కలుపు హ్యాష్ జాయిన్‌ను ఎఱుగకుండెను గనుక, ఆ డేటాబేస్ నాశ్రయించినవారు నాడు జాయిన్‌లను చీల్చుకొనుటలోను అర్థముండెను.

ఇట్లు రెండు మూడుగా చీల్చుట కాడ్ మతమునకు ద్రోహము కాదు. చీలిన ప్రతి క్వెరీయు ఇంకను వరుసల సమూహమునే అడుగుచున్నది. 101 క్వెరీల లూపు మాత్రము బాక్‌మన్ కాలమునకు తిరిగిపోవుటయే, అదియు ఆయన సౌకర్యము లేకుండ: ఆయన నావికుడు పాయింటరు పట్టుకొని, రికార్డులున్న యంత్రములోనే నడచెను, మన లూపు అడుగడుగునకు నెట్‌వర్కు దాటి, ఇండెక్సును మరల మొదటినుండి వెదకింపవలసియున్నది.