ఆవుకు జ్వరం.. ఒంటిపై పిడుదులు: 1962కు ఫోన్ చేసి ఏం చెప్పాలి? ఇంజెక్షన్‌కు ముందే రక్తపరీక్ష ఎందుకు?

మీరు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తున్నారు. సొంతూరు శ్రీసత్యసాయి జిల్లా బుక్కపట్నం. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. ‘ఆవు రెండు దినాలుగా మేత ముట్టలేదు. ఒళ్లు కాలిపోతాంది. పాలు సగానికి పడిపోయినాయి’ అంటోంది. పొదుగు దగ్గర, చెవుల్లో, తోక కింద పిడుదులు ఉన్నాయేమో చూడమని ముందుగా చెప్పండి. ఉంటే అది మామూలు జ్వరం కాకపోవచ్చు. పాల డబ్బుతో నడిచే ఇంట్లో ఒక్కరోజు ఆలస్యమైనా నష్టమే. ఇలాంటప్పుడు ఏం చేయాలో, ప్రభుత్వ సేవలను ఎలా వాడుకోవాలో తెలుసుకుందాం.

అసలు ఏమిటీ జబ్బు?

పిడుదులను కొన్ని ప్రాంతాల్లో గోమార్లు అంటారు. ఇవి రక్తం పీల్చేటప్పుడు అనాప్లాస్మా అనే బ్యాక్టీరియాను పశువు ఒంట్లోకి ఎక్కిస్తాయి. అది ఎర్ర రక్తకణాల్లో చేరి పెరుగుతుంది. జబ్బు సోకిన కణాలను పశువు శరీరమే నాశనం చేసుకుంటుంది కాబట్టి రక్తహీనత వస్తుంది. ఈ జబ్బు పేరు అనాప్లాస్మోసిస్. దీనికి కారణమైన సూక్ష్మజీవిని ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1910లో దక్షిణాఫ్రికాలో గుర్తించారు.

పిడుదు కుట్టిన కొన్ని వారాల తర్వాతగానీ లక్షణాలు బయటపడవు. దూడల్లో జబ్బు స్వల్పంగా ఉంటుంది. రెండేళ్లు దాటిన పశువుల్లో ముదురుతుంది. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులకు ముప్పు ఎక్కువ. గేదెల్లో చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. కానీ జబ్బు సోకి కోలుకున్న పశువు ఒంట్లో ఆ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పిడుదుల ద్వారా పక్క పశువులకు చేరుతుంది.

మూత్రం మామూలుగానే ఉంది.. భయం లేదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. పిడుదుల జ్వరం అంటే మూత్రం ఎర్రగా రావాలని అనుకుంటారు. ఎర్రగా, కాఫీ రంగులో మూత్రం వచ్చేది బెబీసియోసిస్ అనే మరో జబ్బులో. గొంతు కింద, భుజం ముందు గ్రంథులు ఉబ్బితే థైలీరియాసిస్ కావచ్చు. ఈ రెండూ పిడుదుల వల్లే వస్తాయి కానీ బ్యాక్టీరియా జబ్బులు కావు. వీటికి కారణం ప్రోటోజోవా అనే పరాన్నజీవులు.

అనాప్లాస్మోసిస్‌లో మూత్రం ఎర్రబడదు. జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటవచ్చు. కంటి రెప్ప లోపలి పొర ముందు పాలిపోయి, తర్వాత పసుపు రంగుకు మారుతుంది. పేడ గట్టిపడుతుంది. పశువు ఆయాసపడుతుంది. చూడి పశువు ఈడ్చుకుపోయే ప్రమాదమూ ఉంది.

ఇంజెక్షన్‌కు ముందే రక్తపరీక్ష ఎందుకు?

మూడింటిలోనూ జ్వరం ఉంటుంది, మందులు మాత్రం వేరు. అనాప్లాస్మోసిస్‌కు ఆక్సీటెట్రాసైక్లిన్, బెబీసియోసిస్‌కు డైమినజిన్, థైలీరియాసిస్‌కు బుపార్వాక్వోన్ వాడతారు. ఒకదాని మందు మరోదానికి ఇస్తే డబ్బూ, విలువైన సమయమూ పోతాయి. చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలకపై పూసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఏ క్రిమో తెలుస్తుంది. ముందే యాంటీబయాటిక్ వేస్తే ఆ క్రిములు కనిపించకపోవచ్చు. అందుకే ముందు రక్తం తీయమని డాక్టర్‌ను అడగండి.

1962కు ఫోన్ చేసి ఏం చెప్పాలి?

రక్తం బాగా తగ్గిన పశువును ఎండలో ఆస్పత్రికి నడిపిస్తే దారిలోనే కుప్పకూలవచ్చు. కాబట్టి వైద్యాన్నే ఇంటికి పిలిపించండి. ఆంధ్రప్రదేశ్‌లో సంచార పశువైద్య అంబులెన్సులను 2022 మే నెలలో ప్రారంభించారు. మొదటి విడతలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 వాహనాలు వచ్చాయి. బుక్కపట్నం పుట్టపర్తి నియోజకవర్గంలో ఉంది. వాహనంలో పశువైద్యుడు, సహాయకుడు, మైక్రోస్కోప్‌తో చిన్న ల్యాబ్, పశువును ఎక్కించే హైడ్రాలిక్ లిఫ్ట్ ఉండేలా వీటిని రూపొందించారు. 1962 టోల్‌ఫ్రీ నంబర్.

కర్ణాటక, తెలంగాణల్లోనూ ఇదే నంబర్ ఉంది. మీరు బెంగళూరు నుంచి చేస్తే కాల్ అక్కడి కేంద్రానికి వెళ్లవచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లతోనే ఫోన్ చేయించండి. ఈ వివరాలు సిద్ధంగా ఉంచుకోమనండి:

- ఊరు, మండలం, ఇంటి గుర్తు
- పశువు వయసు, చూడిదా, పాలిస్తోందా
- జ్వరం ఎన్ని రోజులుగా ఉంది, మూత్రం రంగు, పిడుదులు ఉన్నాయా
- ఇప్పటికే ఏ ఇంజెక్షన్ వేశారు
- చెవి ట్యాగ్‌పై ఉన్న 12 అంకెల నంబర్

వాహనం ఆలస్యమైతే దగ్గర్లోని పశువైద్యశాలకు ఫోన్ చేసి సలహా అడగండి. అప్పటివరకు పశువును నీడలో కట్టి, నీళ్లు అందుబాటులో ఉంచాలి.

పాలు తాగొచ్చా?

ఈ జబ్బు మనుషులకు సోకదు. అయితే యాంటీబయాటిక్ వేశాక ఆ మందు పాలల్లోకి వస్తుంది. కాచినా పూర్తిగా పోదు. ఎన్ని రోజులు ఆ పాలు వాడకూడదో, కేంద్రంలో పోయకూడదో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

మళ్లీ రాకుండా..

- ఆవులను ఎక్కువగా పట్టే రకం ఆడ పిడుదు రక్తం తాగి కిందపడి, రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. పశువుకు మందు కొట్టి ఊరుకుంటే చాలదు. కొట్టం గోడల పగుళ్లు పూడ్చి, అక్కడా మందు చల్లాలి. డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ కొట్టాలి.
- మందు మోతాదు లేబుల్ ప్రకారమే కలపాలి. పశువు ఒళ్లు నాకకుండా చూడాలి. చల్లేవాళ్లు చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్క్ వేసుకోవాలి.
- పిడుదులను చేత్తో నలపొద్దు.
- ఒకే సూదితో పశువులన్నింటికీ ఇంజెక్షన్లు వేస్తే రక్తం ద్వారా జబ్బు పాకుతుంది. ప్రతి పశువుకూ కొత్త సూది అడగండి.
- సంతలో కొన్న పశువును వెంటనే మందలో కలపొద్దు. కొన్నాళ్లు విడిగా కట్టి, పిడుదులు లేవని చూశాకే కలపండి.

వానలు మొదలయ్యాక పిడుదులు పెరుగుతాయి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పశువుల చెవులు, పొదుగు ఓసారి చూడమని చెప్పండి. 1962 నంబర్‌ను అమ్మానాన్నల ఫోన్‌లో ఈరోజే సేవ్ చేయించండి.