ఒక్క ప్రతి చాలునా? తెలుగునాట ఉమ్మడి నిల్వల చరిత్ర, మన సంఘములకు దాని పాఠము

పరిచయము

రాజైన యెహోయాకీము ప్రవక్త మాటలున్న చుట్టను కోసి కుంపటిలో వేసినట్లు యిర్మీయా 36వ అధ్యాయము చెప్పుచున్నది. బారూకు వేరొక చుట్టపై ఆ మాటలన్నిటిని తిరిగి వ్రాసినందుననే అవి మన వరకు వచ్చాయి. ఉన్నది ఒక్క ప్రతియే అయితే ఏమగును అనే ఈ ప్రశ్ననే నేడు విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు తమ డేటా నిల్వ విషయములో ఎదుర్కొంటున్నాయి. తెలుగునాట ఈ దిశగా జరిగిన ప్రయత్నమును పరిశీలించి, మన వేదాంత కళాశాలలు దానినుండి నేర్చుకొనదగినది చూపుట ఈ వ్యాసపు ఉద్దేశము.

సరిహద్దు ప్రాంతపు కాగితాలు

మేము పరిచర్య చేస్తున్న వేంసూరు, ఖమ్మం జిల్లాలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న మండలము. పైన భద్రాచలం సీమ పలుమార్లు చేతులు మారింది. 1860లో నైజాము నుండి బ్రిటిషు వారికి చేరి, కొంతకాలము మధ్యపరగణాలలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాలోనికి వచ్చింది. 2014లో అక్కడి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా, భద్రాచలం పట్టణము 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

సంఘ చరిత్ర ఆధారాలు కూడ అట్లే చెదరియున్నవి. దుమ్ముగూడెంలో పనిచేసిన సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్, కోయవారిని గూర్చిన తన రచనలను 1876 మొదలుకొని బొంబాయి నుండి వెలువడిన ఇండియన్ ఆంటిక్వరీలో ప్రచురించాడు. ఆ మిషను సొసైటీ పత్రములు నేడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో ఉన్నవి. మన ఊళ్లలో మిగిలినవి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు, చేవ్రాత పాటల పుస్తకాలు. వీటికి సాధారణముగా రెండవ ప్రతి ఉండదు. చెదపురుగుకు ఒక్క వానకాలము చాలును.

శ్రీరాంపూర్ అగ్నిప్రమాదము

1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయము తగులబడినప్పుడు విలియం కేరీ బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి బూడిదయింది. అది ఒక్కటే ప్రతి. అచ్చు అక్షరములు కూడ కరిగిపోయాయి, గాని వాటిని పోతపోసే మూసలు చెడక దొరికాయి. అందువలన కొద్ది నెలలలోనే ముద్రణ మరల సాగింది. తిరిగి చేయుటకు మూలమున్నది నిలిచింది, లేనిది పోయింది.

డిజిటల్ లైబ్రరీ అనుభవము

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము నుండి చేపట్టిన పది లక్షల పుస్తకాల పథకములో భారతదేశము, చైనా, ఈజిప్టు సంస్థలు పాలుపొందాయి. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. ఇందులో ఒక ముఖ్య కేంద్రము. 2007లో ప్రకటించిన లెక్క ప్రకారము స్కాన్ అయిన పుస్తకాలు 15 లక్షలకు పైబడినవి, వాటిలో తెలుగువి సుమారు 50,000. ఏ ఒక్క కళాశాలయు తనంతట చేయలేని పని ఇది.

అయితే కాపీహక్కుల చిక్కులతో భారత డిజిటల్ లైబ్రరీ తలుపులు 2017 నాటికి మూతపడ్డాయి. పుస్తకాలు మాత్రము పాఠకులకు దూరము కాలేదు. కార్ల్ మాలముద్ చొరవతో నాలుగు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరియుండుటయే కారణము. ఇంకొక లోపము కూడ బయటపడింది. తెలుగు పేర్లను ఆంగ్ల అక్షరాలలో తప్పుగా నమోదు చేసినందున అనేక గ్రంథములు ఉండియు దొరకని స్థితిలో ఉన్నవి. వివరాల పట్టిక సరిగా లేని నిల్వ తాళపుచెవి పోయిన బీరువా వంటిది.

పద్ధతి, వ్యయము

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము 1999లో ఆరంభించిన లాక్స్ పద్ధతి ఇక్కడ గమనింపదగినది. పలు గ్రంథాలయాలు ఒకే విషయమును తమతమ కంప్యూటర్లలో ఉంచుకొని, ఆ ప్రతులను అప్పుడప్పుడు ఒకదానితో ఒకటి సరిపోల్చుకొంటాయి. ఒకచోటి ప్రతి చెడితే తక్కిన వాటినుండి దిద్దుకొంటాయి. మన దేశములో 1991లో మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్, 2009 యు.జి.సి. నిబంధనల తరువాత శోధగంగ ద్వారా విశ్వవిద్యాలయాల పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను ఒకచోట చేర్చింది.

మన కళాశాలలకు ఈ కలయిక క్రొత్తది కాదు. 1964లో పలు సంఘశాఖలు రాజమండ్రిలో ఏకమై ఆంధ్ర క్రిష్టియన్ థియలాజికల్ కాలేజిని నెలకొల్పాయి. బోధనలో కలిసినవారు నిల్వలో ఏల కలువకూడదు?

ఒక హెచ్చరిక

భద్రపరచుట వేరు, బహిరంగపరచుట వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులకు షెడ్యూల్డు కులపు హోదా వర్తించదు. బాప్తిస్మ రిజిస్టరును అందరి కంటబడనిస్తే అనేక పేద కుటుంబముల చదువులు, ఉద్యోగములు చిక్కులో పడగలవు. కాబట్టి ఎవరు చూడవచ్చునో, ఎన్నేళ్ల తరువాత చూడవచ్చునో సంఘ పెద్దలతో కలిసి ముందే నిర్ణయించి, అటుపిమ్మట మాత్రమే స్కాన్ చేయవలెను.

ముగింపు

పౌలు తిమోతికి అప్పగించిన నిక్షేపమును కాపాడుమన్నాడు. అది ముఖ్యముగా సువార్తను గూర్చిన ఆజ్ఞ. అయినను ఆ సువార్తను అడవి అంచులలో నమ్మినవారి పేర్లు కూడ మనకు అప్పగింపబడినవే. కనీసము మూడు కళాశాలలు మూడు వేర్వేరు ఊళ్లలో ఒకే ప్రతిని ఉంచుకొని, తెలుగు లిపిలో ఒకే పట్టిక వ్రాసి, ఏటేటా సరిచూచుకొనుటకు ఒప్పుకొన్నట్లయితే పని ఆరంభమైనట్లే. దీనికి పెద్ద భవనము అక్కరలేదు. ఒకరినొకరు నమ్ముట, ప్రతి సంవత్సరము కొంత సొమ్ము కేటాయించుట అవసరము. రిజిస్టర్లు ఇంకను చదువదగియున్న ఈ రోజులలోనే ఇది జరుగవలెనని మా మనవి.