గద్వాల

గద్వాల తెలంగాణ రాష్ట్రం దక్షిణపు అంచున, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న పట్టణం. జోగులాంబ గద్వాల జిల్లాకు కేంద్రం. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉండేది. నిజాం రాజ్యంలోని సంస్థానాల్లో ఒకదానికి రాజధానిగా, కవిపండితుల ఆశ్రయంగా, నూలు చీరకు పట్టు అంచు నేసే చేనేతకు నెలవుగా పేరు పొందింది. రెండు పెద్ద నదులు చుట్టూ పారుతున్నా 20వ శతాబ్దం చివరి దాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం వాననే నమ్ముకుని బతికింది. పట్టణ చరిత్రలోని చాలా మలుపులకు ఈ వైరుధ్యమే మూలం.

నైసర్గిక స్థితి

కృష్ణకు దక్షిణాన, తుంగభద్రకు ఉత్తరాన ఉన్న ఈ భూభాగాన్ని నడిగడ్డ అంటారు. చరిత్రకారులు చెప్పే రాయచూరు అంతర్వేదిలో ఇది తూర్పు కొస. విజయనగర, బహమనీ రాజ్యాలు దీర్ఘకాలం పోరాడింది ఈ అంతర్వేది కోసమే. గద్వాలకు తూర్పున, అలంపురం దాటాక రెండు నదులు కలుస్తాయి. నేల కొంత నల్లరేగడి, కొంత ఎర్ర చెలక. నదులు లోతుగా కోసుకుని పారడం వల్ల మెట్ట మీది పొలాలకు నీరు దానంతట అది ఎక్కదు. ఆనకట్టో, ఎత్తిపోతలో ఉంటే తప్ప ఒడ్డునే ఉన్న ఊరికి కూడా సాగునీరు దక్కదు. కృష్ణ పాయల మధ్య ద్వీపంగా ఉన్న గుర్రంగడ్డ గ్రామానికి ఏళ్ళ తరబడి పుట్టి, పడవలే దారి.

సంస్థాన కాలం

గద్వాల పాలకులు ముష్టిపల్లి వంశపు రెడ్లు. నాడగౌడ హోదాతో పన్నులు వసూలు చేసే అధికారం నుంచి వారు సంస్థానాధీశులుగా ఎదిగారు. ఈ వంశంలో ప్రసిద్ధుడు పెద సోమభూపాలుడు. జనం నోట ఆయన నలసోమనాద్రి. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో పాలించిన ఆయన పూడూరు నుంచి కేంద్రాన్ని గద్వాలకు మార్చి, మట్టికోట కట్టించాడు. కోట లోపల చెన్నకేశవస్వామి ఆలయం వెలిసింది. కర్నూలు నవాబులతో ఆయన చేసిన పోరాటాలు వీరగాథలుగా నడిగడ్డలో ఇప్పటికీ వినిపిస్తాయి.

అసఫ్‌జాహీల ఏలుబడిలో గద్వాల నిజాంకు ఏటా పేష్కష్ చెల్లించే సంస్థానంగా కొనసాగింది. లోపలి పాలన చాలావరకు దాని చేతిలోనే ఉండేది. 20వ శతాబ్దం తొలినాళ్ళ ఇంపీరియల్ గెజిటీర్ ప్రకారం సంస్థానంలో 214 గ్రామాలు, 864 చదరపు మైళ్ళ విస్తీర్ణం ఉన్నాయి. ఒకప్పుడు గద్వాల సొంతంగా నాణేలు ముద్రించింది. అవి చాలాకాలం రాయచూరు ప్రాంతమంతటా చెల్లుబాటయ్యాయి.

1924లో రెండవ సీతారామ భూపాలుడు మరణించాక పాలన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ చేతికి వచ్చింది. సంస్థానపు చివరి పాలకురాలు ఆమే. 1948లో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దాంతో సంస్థానం ముగిసింది. కోట ఆవరణలో తర్వాత ఆమె పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల వెలసింది. ఎంఏఎల్‌డీ కళాశాలగా నడిగడ్డ విద్యార్థులకు అది చిరపరిచితం. నిజాం కాలంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. తెలుగు ప్రాంతాలైన ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి.

విద్వద్గద్వాల

పండితులు ఈ ఊరిని విద్వద్గద్వాల అని పిలిచేవారు. 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో పాలించిన చిన సోమభూపాలుడు స్వయంగా కవి. అధ్యాత్మ రామాయణం, ముకుందవిలాసం కావ్యాలు రాసిన కాణాదం పెద్దన సోమయాజి ఆయన ఆస్థానంలోని వాడే. ఏటా కార్తీక, మాఘ మాసాల్లో సాహిత్య సభలు జరిగేవి. దూరప్రాంతాల కవులు వచ్చి పరీక్షకు నిలిచి సంభావనలు అందుకునేవారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కృష్ణ కిటూ అటూ దగ్గరదగ్గరగా ఉండడంతో ఒక దర్బారుకు వచ్చిన కవి మిగతావాటినీ చుట్టి వెళ్ళేవాడు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాల్లో అవధానాలు చేశారు. నిజాం రాజ్యంలో ఉర్దూ, పార్సీలు రాజభాషలుగా ఉన్న కాలంలో తెలుగు కవిత్వానికి, సంస్కృత పాండిత్యానికి ఇలాంటి చిన్న దర్బారులే నీడనిచ్చాయి.

అలాగని ఆ చదువు ఊరందరికీ అందలేదు. దర్బారు పాండిత్యం కొన్ని కులాల, కొన్ని కుటుంబాల మధ్యే తిరిగింది. ఆధునిక కాలపు మేల్కొలుపు వేరే దారిన వచ్చింది. నడిగడ్డలోని బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. రాజుల చరిత్రను పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలను చెప్పిన ఆయన గ్రంథం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

చేనేత

గద్వాల పేరును దేశమంతా తిప్పింది చీర. దీని ప్రత్యేకత నేతలోనే ఉంది. ఒళ్ళు సన్నని నూలు, అంచులు, కొంగు పట్టు. రెండు వేర్వేరు పోగులను ఒకే మగ్గం మీద కలపాలి. అంచు దగ్గర పేకను ఒకదానితో ఒకటి మెలివేసి జోడించే ఈ పద్ధతిని కుప్పడం అంటారు. ఒళ్ళుకూ అంచుకూ వేరువేరు నాడెలు ఆడించాలి కాబట్టి పనికి రెండో మనిషి తోడు కావాలి. అంచు మీద వరుసగా లేచే గోపురాల వంటి కోటకొమ్మ నమూనా ఈ చీరకు గుర్తు. జరీతో బరువైన అంచు ఉన్నా ఒళ్ళు నూలు కావడంతో ఎండాకాలపు పెళ్ళిళ్ళకూ అనువుగా ఉంటుంది. సంస్థానం నేతగాళ్ళను కాశీకి పంపి జరీ పనితనం నేర్పించిందని స్థానికులు చెప్పుకుంటారు. ఇప్పుడు గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది.

మగ్గాలు పట్టణానికే పరిమితం కాలేదు. తుంగభద్ర ఒడ్డున రాజోలి, దానికి పడమట అయిజ వంటి ఊళ్ళలోనూ ఉన్నాయి. ఎక్కువమంది నేతగాళ్ళు మాస్టర్ వీవర్ దగ్గర నూలు, పట్టు, జరీ తెచ్చుకుని చీరకింత అని కూలికి నేస్తారు. ముడిసరుకు ధరలో, అమ్మకంలో వారికి మాట ఉండదు. నేతలో ఒక పని మాత్రం బజారుతో సంబంధం లేనిది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్వామివారికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలను గద్వాల నేతగాళ్ళు 41 రోజుల దీక్షతో నేస్తారు. పంచె పొడవు 11 గజాలు. సంస్థాన కాలంలో మొదలైన ఈ ఆనవాయితీ సంస్థానం పోయాకా ఆగలేదు.

నీరు, సాగు

నడిగడ్డకు మొదటి పెద్ద కాలువ తుంగభద్ర నుంచి వచ్చింది. 1950లలో పూర్తయిన రాజోలిబండ మళ్ళింపు పథకం (ఆర్డీఎస్) కింద తెలంగాణలో 87,500 ఎకరాలకు నీరివ్వాలని నిర్ణయించారు. కాలువ కర్ణాటకలో మొదలై తెలంగాణకు రావాలి. ఆవలి ఒడ్డున రాయలసీమ. మూడు ప్రాంతాల పంపకంలో చివరి భూములకు అనుకున్న నీరు చేరలేదు. తెలంగాణ ఉద్యమంలో ఆర్డీఎస్ ఒక ప్రధాన ఆరోపణగా మారింది. వర్షాలు తప్పిన ఏళ్ళలో కుటుంబాలు మేస్త్రీల వెంట దూరదేశాలకు మట్టిపనికి వెళ్ళేవి. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీ అన్న పేరులో నడిగడ్డ వాటా కూడా ఉంది.

కృష్ణపై జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. 1990ల మధ్యలో ఆనకట్ట సిద్ధమై, కుడి ఎడమ కాలువల కింద సుమారు లక్ష ఎకరాలకు నీటి వసతి ఏర్పడింది. ఇక్కడి జలవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 234 మెగావాట్లు. జలాశయం వెనుక నుంచి నీటిని ఎత్తే నెట్టెంపాడు పథకం మెట్ట భూములకూ కాలువ తెచ్చింది. ఆనకట్ట చెంత వేయించి అమ్మే చేపలు ఇప్పుడు దారిన పోయేవారికి పెద్ద ఆకర్షణ. నీరు ఎక్కువైతే ఏమవుతుందో 2009 అక్టోబరు వరద చూపింది. తుంగభద్ర పొంగి అలంపురం, రాజోలి మునిగాయి. మగ్గపు గుంటల్లోకి నీళ్ళు చేరి నేతగాళ్ళు ఇళ్ళతో పాటు ఉపాధినీ కోల్పోయారు.

కాలువల రాకతో వరి పెరిగింది. అయితే ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన పంట సీడ్ పత్తి. సంకర విత్తనం కోసం సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లోని కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున మగ పూల పుప్పొడి అద్దుతారు. దీన్ని క్రాసింగ్ అంటారు. ప్రతి మొగ్గకూ మనిషి చెయ్యి తగలాలి కాబట్టి సీజన్లో కూలీలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పెద్ద సంఖ్యలో కావాలి. పిల్లలను బడి మాన్పించి ఈ పనికి పెడుతున్నారన్న విమర్శ ఏళ్ళ తరబడి వినిపించింది. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అప్పు, విత్తనం, చెల్లింపు అన్నీ అతని చేతుల మీదుగా నడుస్తాయి.

రవాణా, జనజీవనం

నిజాం కాలపు మీటర్‌గేజి రైలు మార్గం గద్వాలను హైదరాబాద్‌తో, తర్వాత కర్నూలుతో కలిపింది. అది బ్రాడ్‌గేజిగా మారింది. 2013లో రాయచూరు మార్గం కూడా తోడై పట్టణం జంక్షన్ అయింది. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి మాత్రం ఊరికి దూరంగా ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోతుంది. వైద్యానికీ బేరానికీ జనం కర్నూలు, రాయచూరు వెళ్ళడం పాత అలవాటు. అందుకే ఇక్కడి తెలుగులో తెలంగాణ పలుకుతో పాటు సీమ యాస, కన్నడ మాటలు కలిసిపోయాయి. పండుగల్లో జమ్మిచేడు జమ్ములమ్మ జాతర, మల్దకల్ తిమ్మప్ప బ్రహ్మోత్సవాలు పెద్దవి.

జిల్లా కేంద్రం

2016లో కొత్త జిల్లాల ముసాయిదా వెలువడినప్పుడు అందులో గద్వాల లేదు. బంద్‌లు, దీక్షలు జరిగాక ఆ ఏడు అక్టోబరు 11న అలంపురం శక్తిపీఠం పేరు కలిపి జోగులాంబ గద్వాల జిల్లాను ఏర్పాటు చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లా జనాభా 6 లక్షల పైచిలుకు. అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణ జిల్లాలన్నింటిలో అట్టడుగు. కవులకు సంభావనలిచ్చిన సంస్థానపు గ్రామాల్లో సగంమందికి పైగా అక్షరం రాకపోవడానికి దర్బారు చదువు బయటికి రాకపోవడం ఒక కారణమైతే, కరువు వలసలు, పత్తి చేలలో పిల్లల పని ఆ లోటును పెంచాయి.