కోనసీమ దస్తావేజులూ క్యాషె అమరికలూ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ పాయకు ఆవలి నగరం దీవికి కూడా కాలువ నీరు అందిన తరువాత, కోనసీమలో భూమికి విలువ పెరిగింది, దానితోపాటే హక్కు పత్రాలకూ ప్రాధాన్యం పెరిగింది. 1909 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఈ పత్రాల నిర్వహణకు నేటికీ నిలిచి ఉన్న రూపాన్ని ఇచ్చింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలు నడిచింది ఆ చట్టం కిందనే. సమాచార నిల్వ వ్యవస్థల్లో క్యాషె అమరిక అని నేడు పిలిచే పని వెనుక ఉన్న ప్రశ్నలు, కంప్యూటరు రాకకు చాలా ముందే, ఈ కార్యాలయాల బీరువాల మధ్య తలెత్తినవే.

స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఒకటో పుస్తకంలో వరుస సంఖ్యలతో చేరేవి. ఆ సంపుటాలలో ఒక తోట చరిత్రను పేజీ పేజీగా వెతకడం అసాధ్యం కనుక, మనుషుల పేర్లను బట్టి ఒకటో ఇండెక్సు, ఆస్తిని బట్టి రెండో ఇండెక్సు రాయాలని చట్టమే విధించింది. ఫలానా సర్వే నంబరుపై తాకట్టు, అమ్మకం వంటి లావాదేవీలు ఏమేమి జరిగాయో చూపే ఈసీ, అనగా ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, గుమాస్తా ఈ ఇండెక్సులను తిరగేసి తయారుచేసినదే. అందువల్ల ఎన్నేళ్ళకు ఈసీ కావాలన్నదే ఆ శ్రమకు కొలత అయింది. తాకట్టు సొమ్ము రాబట్టుకునే దావాకు కాలపరిమితి 12 ఏళ్ళు. బ్యాంకులు చిరకాలం 13 ఏళ్ళ ఈసీ అడగడం వాడుకగా ఉండేది. పాత సంపుటాలు ఎన్ని ఉన్నా, రోజూ చేతికి వచ్చేవి ఇటీవలివే.

ఈ సంగతినే కంప్యూటరు శాస్త్రం 1960ల్లో సూత్రబద్ధం చేసింది. పెద్దదీ నెమ్మదైనదీ అయిన జ్ఞాపకశాల ముందు చిన్నదీ వేగవంతమైనదీ అయిన మరొకదాన్ని ఉంచి, తరచు అడిగే సమాచారపు ప్రతిని అందులో నిలుపుకొనే ఏర్పాటును 1965లో మారిస్ విల్క్స్ ప్రతిపాదించగా, 1968లో ఐబీఎం తన సిస్టమ్/360 మోడల్ 85 యంత్రంలో అటువంటి క్యాషెను అమర్చింది. అదే ఏడాది పీటర్ డెన్నింగ్, ఒక ప్రోగ్రాము ఇటీవలి కొంత కాలంలో తాకిన సమాచారమే దానికి మళ్ళీ అవసరమయ్యే అవకాశం ఎక్కువని, ఆ కాలపు నిడివిని బట్టి ఎంత చోటు కేటాయించాలో తేలుతుందని వివరించాడు. ఈసీ విషయంలో ఆ నిడివిని గణితం కాక, కాలపరిమితి చట్టమూ బ్యాంకుల జాగ్రత్తా నిర్ణయించాయి.

1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ అనే పేరుతో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణను ఆరంభించినప్పుడు, ఏ ఏటి నుంచి సమాచారాన్ని దగ్గర ఉంచుకోవాలి, ఆ గీతను ఎక్కడ గీయాలి అన్న ప్రశ్న సూటిగానే వచ్చింది. 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలను యంత్రంలోకి ఎక్కించి, అంతకు ముందువాటిని పుస్తకాల్లోనే ఉంచారు; రోజులు పట్టే ఈసీ నిమిషాల పనిగా మారింది. ఖచ్చితమైన అర్థంలో ఇది క్యాషె కాదు, ఎందుకంటే క్యాషెలోని ప్రతి తాత్కాలికం, ఈ నిల్వ శాశ్వతం. అయినా ఏది దగ్గర ఉండాలన్న ఎంపిక ఒక్కటే. బ్యాంకు రుణానికి సరిపోయిన ఆ గీత, తాతల నాటి పంపకాలు తేలని కొబ్బరి తోటలకు మాత్రం సరిపోదు. అక్కడ పూర్వపు హక్కులను చూపే లింకు దస్తావేజుల కోసం మళ్ళీ పాత సంపుటాల సర్చికే దరఖాస్తు పెట్టుకోవాలి.

చదవడం కన్నా చిక్కైనది రాత. కొత్త సమాచారాన్ని క్యాషెలోనూ అసలు డిస్కులోనూ వెంటనే రాసి, ఆ తరువాతే పని పూర్తయిందని చెప్పే పద్ధతిని రైట్-త్రూ అంటారు. క్యాషెలో రాయగానే పూర్తయిందని చెప్పి, డిస్కుకు తీరికగా చేర్చేది రైట్-బ్యాక్. ఇది వేగవంతమే గాని, మధ్యలో కరెంటు పోతే రాత గల్లంతవుతుంది కనుక బ్యాటరీ రక్షణ లేనిచోట వాడదగినది కాదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను తోటలతోపాటు కరెంటు స్తంభాలనూ కూల్చిన సీమలో ఈ జాగ్రత్త పుస్తక పాండిత్యం కాదు. 1908 చట్టపు 61వ సెక్షను, దస్తావేజుపై రాసిన ధ్రువీకరణను పుస్తకంలోకి నకలు చేశాకే రిజిస్ట్రేషను పూర్తయినట్టు భావించి, పత్రాన్ని తిరిగి ఇవ్వాలంటుంది; అది రైట్-త్రూ తప్ప మరొకటి కాదు. నకలు ముగిసిన వెంటనే, వీలైనంతవరకు, ఇండెక్సులోనూ నమోదు చేయాలని 54వ సెక్షను చెబుతుంది. ఆ వీలైనంతవరకు అన్న సడలింపే ప్రమాదపు సందు, ఎందుకంటే ఇండెక్సు వెనకబడినంత కాలం ఈసీ అబద్ధం చెబుతుంది.

ఒకే దస్తావేజులోని భూములు అమలాపురం, కొత్తపేట కార్యాలయాలు రెంటి పరిధిలోనూ ఉంటే, రిజిస్టరు చేసిన అధికారి 64వ సెక్షను ప్రకారం రెండో కార్యాలయానికి మెమొరాండం పంపాలి. వేర్వేరు క్యాషెలలోని ప్రతులు ఒకదానితో ఒకటి విభేదించకుండా యంత్రాలు పంపుకొనే సందేశాలది ఇదే పని. నిల్వలన్నీ కేంద్ర సర్వరుకు మారితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది గాని, కౌంటరు దగ్గర ఏ సమాచారపు ప్రతిని ఎంతసేపు నమ్మవచ్చునన్నది మిగిలే ఉంటుంది. అన్నిటికీ ఒకే గడువు పెట్టడం సులువైనా సరైనది కాదు. ప్రభుత్వం అప్పుడప్పుడు మాత్రమే సవరించే మార్కెట్ విలువల పట్టికను, సవరణ రోజున తుడిచివేసే ఏర్పాటు ఉంటే, ఎక్కువ కాలం క్యాషెలో ఉంచినా నష్టం లేదు. రిజిస్ట్రేషను నిషేధించిన భూములను చూపే 22-ఏ జాబితాను మాత్రం ప్రతి దస్తావేజుకూ అసలు నిల్వనుంచే చదవాలి, ఎందుకంటే నిన్నటి ప్రతిని నమ్మితే నేడు చేరిన సర్వే నంబరు అమ్ముడుపోతుంది, నేడు తొలగిన నంబరు ఆగిపోతుంది.